సంచిలో ఒకే ఒక్క మాట

ఇంగ్లీషు మాస్టారు ఆ రోజు పొద్దున్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య డ్యూటీకి బయలుదేరేదాకా బుద్ధిమంతుడిలా కాఫీ తాగుతూ కూర్చోవాలి. ఆమె వీధి మలుపు తిరగగానే వంటింటి కిటికీకి ఉన్న ఇనుప కడ్డీల్లో ఒకటి ఊడబీకాలి. దాన్ని సంచిలో పెట్టుకుని లా కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్ళాలి.

"ఈ ఒక్కసారైనా నా మాట వినండి," యూనిఫాం మీద బ్యాడ్జి సరిచేసుకుంటూ అంది భార్య. ఆమె ఆపరేషన్ థియేటర్లో నర్సు. "చాక్‌పీసు, బోర్డు. అంతే. సంచీ గించీ అన్నారంటే ఊరుకోను."

"సంచీనా? ఏ సంచి?" అన్నాడు మాస్టారు, కాళ్ళతో సంచిని మంచం కిందకి ఇంకాస్త లోపలికి తోస్తూ.

"నా వైపు చూసి చెప్పండి."

"ఉత్త చేతులతో వెళ్తానన్నాగా! నేనేమైనా చిన్నపిల్లాడినా?"

ఆమె అనుమానం ఊరికే పుట్టింది కాదు. మాస్టారికి ఒక పిచ్చి ఉంది. ఒక మాటకి ఎన్ని అర్థాలుంటే అన్ని వస్తువులూ తెచ్చి పిల్లల ముందు పెట్టాల్సిందే. చేత్తో పట్టుకుని చూడని మాట పరీక్షలో గుర్తుకురాదని ఆయన నమ్మకం. ఒకసారి 'ట్రంక్' అనే మాట చెప్పడానికి ఒక రేకు పెట్టె, ఒక చెట్టు మొద్దు ఆటోలో వేసుకుపోయాడు. అక్కడితో ఆగాడా అంటే, ఏనుగు తొండం కూడా కావాలని జంతుప్రదర్శనశాలకి వెళ్ళి, ఒక్క పీరియడ్‌కి ఏనుగుని పంపమని అక్కడి అధికారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఏనుగు రాలేదు. ట్యుటోరియల్‌లో ఉద్యోగం మాత్రం పోయింది. ఆ తర్వాత మరో రెండు చోట్ల కూడా ఇలాగే పోయింది.

ఇప్పుడు లా కాలేజీలో పర్మనెంటు పోస్టు పడింది. వచ్చే నెలకి ఆయన వయసు పరిమితి దాటిపోతుంది. అంటే ఇది రాకపోతే ఇక ఏ కాలేజీ గడపా తొక్కే అర్హత ఉండదు. మిగిలిన జీవితమంతా సందుల్లో ట్యూషన్లే గతి. ఇంటర్వ్యూలో ప్రతి అభ్యర్థీ కమిటీ ముందు ఒక పాఠం చెప్పాలి. అందరికీ తెలిసిన ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, దాని అర్థాలన్నీ, ముఖ్యంగా కోర్టుల్లో వాడే అర్థాలు, విడమరిచి చెప్పాలి. మాస్టారికి వచ్చిన మాట 'బార్'.

ఆ మాట చూడగానే ఆయన ఒళ్ళు పులకరించింది. ఎందుకు పులకరించదు? ఇనుప కడ్డీ బారే. సబ్బు బిళ్ళ బారే. చాక్లెట్టూ బారే. మందుకొట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. లాయర్లందరినీ కలిపి పిలిచేది కూడా బార్ అనే. ఇన్ని వస్తువులు ఒక్క సంచిలో పట్టే మాట ఇంకోటి దొరుకుతుందా?

భార్య వెళ్ళగానే పని మొదలుపెట్టాడు. కిటికీలో అటు చివరి కడ్డీని చేత్తో పట్టుకుని కాస్త తిప్పగానే పాలపన్నులా ఊడి వచ్చేసింది. సబ్బు, చాక్లెట్టు ముందే కొని దాచాడు. వీధి చివరి బార్‌లో ఊడ్చేవాణ్ణి బతిమాలి తెచ్చిన ఖాళీ సీసా కూడా సిద్ధంగా ఉంది. ఇక మిగిలింది లాయరు కోటు. అది హాల్లో కొక్కేనికి వేలాడుతోంది. దాని సొంతదారు, అంటే మాస్టారి బావమరిది, ఆ కొక్కెం కిందే గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. తన ఇంటికి రంగులు వేయిస్తున్నాడని వారం రోజులుగా ఇక్కడే మకాం. కోర్టులో ఆయన్ని అందరూ 'వాయిదా' అని పిలుస్తారు. ఏ కేసైనా సరే, ఏదో ఒక సాకు చెప్పి వాయిదా అడగటమే ఆయన వాదన.

'వీడికి ఇవాళ కూడా వాయిదానే అయ్యుంటుంది. కోటుతో పనేముంది?' అనుకుని మాస్టారు కోటు మడిచి సంచిలో కుక్కాడు. ఫోన్ ఆపేశాడు. తలుపు దగ్గరగా వేసి, పిల్లిలా మెట్లు దిగాడు.

బస్సులో సీటు దొరికింది. సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. కడ్డీ పొడుగ్గా ఉండటం వల్ల దాని కొస సంచిలోంచి పొడుచుకొచ్చి, ముందు సీటు సందులోకి దూరింది. ఆ సీట్లో ఒక భారీ మనిషి నిండుగా కూర్చుని కునుకుపాట్లు పడుతున్నాడు. మాస్టారు కళ్ళు మూసుకుని, కమిటీని ఎదురుగా ఊహించుకుని, పాఠం మొదటి వాక్యాలు వల్లె వేయసాగాడు. ఆయనకి మనసులో వల్లె వేయటం రాదు. ఏదైనా పైకే.

"అందరూ కదలకుండా కూర్చోండి," అన్నాడు గంభీరంగా.

సరిగ్గా అప్పుడే డ్రైవరు బ్రేకు వేశాడు. కడ్డీ కొస భారీ మనిషి వెన్నుపూసకి ఆనింది. ఆయన కునుకు ఎగిరిపోయింది.

"ఎవరూ వెనక్కి తిరగొద్దు. భయపడాల్సిన పని లేదు," మాస్టారు గొంతు ఇంకా గంభీరమైంది. "నా సంచిలో ఏముందో ఒక్కొక్కటే బయటికి తీస్తాను. చూశాక మీ జన్మలో మర్చిపోరు."

భారీ మనిషి రెండు చేతులూ పైకెత్తాడు. "అన్నా! నాకిద్దరు పిల్లలన్నా!"

మాస్టారు కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఎత్తిన చేతులు కనిపించాయి. ఎన్నో ఏళ్ళ అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది. "ప్రశ్నలు చివర్లో. ముందు చేతులు దించు."

ఆ గొంతుకి బస్సంతా చేతులు లేచాయి. ఒకావిడ గాజులు తీసి బ్లౌజులో దోపుకుంది. కండక్టరు టిక్కెట్ల సంచిని సీటు కిందకి తోసి తనూ కిందకి దూరాడు. ఇంత శ్రద్ధగా వినే క్లాసు మాస్టారికి ఎన్నడూ దొరకలేదు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే లా కాలేజీ స్టాపు దాటిపోయింది.

"ఆపండి! ఆపండి! నేను దిగాలి!" అని అరిచాడు కంగారుగా, సంచి ఎత్తి ఊపుతూ.

డ్రైవరు అద్దంలోంచి ఆ ఊగుతున్న కడ్డీని చూశాడు. బస్సు ఇంకా వేగం పెంచాడు. మళ్ళీ ఆపింది పోలీస్ స్టేషన్ గుమ్మంలోనే.

ఇన్‌స్పెక్టరు బయటికి వెళ్ళాడు. స్టేషన్లో హెడ్ కానిస్టేబులే పెద్ద దిక్కు. ఆయన సంచి బల్ల మీద బోర్లించి, ఒక్కొక్క వస్తువునీ లాఠీ కొసతో జరుపుతూ, పెళ్ళి సామాను చూసినట్టు ముచ్చటగా చూశాడు.

"కిటికీ వంచడానికి కడ్డీ. ధైర్యానికి సీసా. నీరసం వస్తే చాక్లెట్టు. పనయ్యాక స్నానానికి సబ్బు. దొరికిపోతే నీ తరఫున నువ్వే వాదించుకోవడానికి లాయరు కోటు. నా సర్వీసులో ఇంత పద్ధతైన దొంగని చూళ్ళేదయ్యా!"

"దొంగని కాదండీ, మాస్టార్ని! అవి ఐదు వస్తువులు కావండీ, ఒకే ఒక్క మాట!"

"సీసా వాసన చూస్తే తెలుస్తోందిలే," అన్నాడు హెడ్డు. "కూర్చో. మత్తు దిగాక మాట్లాడుకుందాం."

సీసాలో అడుగున మిగిలిన నాలుగు చుక్కలు బస్సు కుదుపులకి కోటు మీద ఒలికాయి. మాస్టారి చేతికీ అంటుకున్నాయి. ఇంటర్వ్యూకి వెళ్ళాలండీ అని మాస్టారు మొత్తుకుంటే, "ఇలాంటి సంచితో ఇంటర్వ్యూయా? ఏ ముఠాలో?" అన్నాడు హెడ్డు. తీసుకెళ్ళి లోపల పెట్టి తాళం వేయించాడు. మాస్టారు ఊచలు పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. కమిటీ భోజనాల వేళ వరకే ఉంటుందని ఇంటర్వ్యూ ఉత్తరంలో స్పష్టంగా రాశారు. ఉత్త చేతులతో వెళ్తానని పొద్దున్న భార్యతో అన్న మాట గుర్తొచ్చింది. అంత బాధలోనూ, చేతిలోని ఊచని తడిమి చూసి, పాఠానికి ఇదైతే ఇంకా బావుండేదని అనుకోకుండా ఉండలేకపోయాడు.

ఇంతలో గుమ్మం దగ్గర పెద్ద గోల వినిపించింది.

"మా ఇంట్లో దొంగలు పడ్డారు బాబూ! కిటికీ కడ్డీ పీకేసి లోపలికి దూరారు!" అంటూ ఒకావిడ రొప్పుకుంటూ వచ్చింది. మాస్టారు వాళ్ళుంటున్న ఇంటి ఓనరమ్మ. బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళి, పైవాటా కిటికీలో సందు చూసి, కేకలు పెట్టి వీధంతా లేపింది. ఆ కేకలకి లేచిన బావమరిది కొక్కెం ఖాళీగా ఉండటం చూసి, ఆవిడకంటే గట్టిగా అరిచాడు. ఇప్పుడు ఆవిడ వెనకే, పైజమా మీద టై కట్టుకుని నిలబడ్డాడు.

"నా కోటు పోయింది సార్. ఇవాళ నాకు కోర్టుంది. మా బావ కూడా కనపడట్లేదు. ఫోన్ ఎత్తట్లేదు. దొంగలు ఆయన్ని ఏమైనా చేశారేమోనని..."

"కడ్డీ ఒకటి, నల్లకోటు ఒకటి, అంతేనా?" హెడ్డు మీసం దువ్వుకున్నాడు. "దొంగ దొరికాడు. ఫిర్యాదు రాకముందే దొంగని పట్టి లోపలేసిన స్టేషనండీ ఇది. రండి, గుర్తుపడుదురుగాని."

ఊచల వెనక మాస్టారిని చూసి బావమరిది నోరు తెరిచాడు. "బావా! నువ్వా?"

"ఒరేయ్, నువ్వైనా చెప్పరా వీళ్ళకి!"

"దొంగ మీ బావగారా?" హెడ్డు పొంగిపోయాడు. "ఇంటిదొంగే అన్నమాట. ఇంకా మంచి కేసు."

"కేసేం లేదు సార్, నేను ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నా. నా కోటు నాకివ్వండి, నేను పోవాలి," అన్నాడు బావమరిది.

"కోటు సీలు వేసేశాం లాయరుగారూ. కోర్టు ఆర్డరు తెస్తే ఇస్తాం."

"ఆర్డరు కోసం కోర్టులో నిలబడాలంటే కోటుండాలి కదా!"

"ఉండాలి మరి."

"ఆ కోటు మీ దగ్గరుంది కదా!"

"ఉంది మరి," అన్నాడు హెడ్డు ప్రశాంతంగా.

బావమరిది బెంచీ మీద కూలబడ్డాడు. ఇక ఓనరమ్మ అందుకుంది. "ఆయన కోటు ఆయనిష్టం. నా కడ్డీ సంగతేంటి? గోడకి ఒక్క మేకు కొట్టొద్దని చెప్పిన ఇల్లది! ఏకంగా కిటికీనే పీకుతాడా పెద్దమనిషి? నేను మాత్రం వాపసు తీసుకోను. రాయండి బాబూ, కేసు రాయండి."

హెడ్డు పెన్ను తీశాడు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. దొంగతనం కేసు పడ్డవాణ్ణి లా కాలేజీ లోపలికి రానివ్వదు. కోర్టు రానిస్తుంది, ముద్దాయిగా.

"పిన్నిగారూ, ఒక్క నిమిషం."

ఆ గొంతు వినగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మళ్ళీ పోయింది. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆపరేషన్ అయ్యాక బయటికొచ్చి, దొంగలు పడ్డారు, స్టేషన్‌కి వెళ్తున్నామన్న తమ్ముడి మెసేజీలు ఫోన్లో చూసుకుని, యూనిఫాం కూడా మార్చకుండా పరిగెత్తుకొచ్చింది. బల్ల మీద సామాను చూసింది. ఊచల వెనక మొగుణ్ణి చూసింది. తమ్ముడు జరిగిందంతా గబగబా చెప్తుంటే వింది. తిడితే బావుండుననిపించింది ఆయనకి.

ముందు ఆమె బస్సులో వచ్చిన భారీ మనిషి దగ్గరికి వెళ్ళింది. ఆయన బెంచీ మీద కూర్చుని, వీపు తడుముకుంటూ మూడో గ్లాసు మంచినీళ్ళు తాగుతున్నాడు. ఆమె చొక్కా పైకి లేపి వీపు పరీక్షగా చూసింది.

"గీత కూడా పడలేదండీ. నొప్పేమైనా ఉందా?"

"లేదమ్మా. బెదురే," అన్నాడాయన. కాస్త ఆలోచించి, "నాకప్పట్నుంచీ ఒకటి అర్థం కావట్లేదమ్మా. ఏ దొంగైనా చేతులెత్తమంటాడు గానీ దించమంటాడా? మీ ఆయన దించమన్నాడు. పాపం మంచోడేనేమో," అన్నాడు.

అప్పుడామె ఓనరమ్మ వైపు తిరిగింది. "పిన్నిగారూ, ఆ కిటికీ కడ్డీ వదులైపోయిందని మీకెన్నిసార్లు చెప్పాను?"

"ఏదో ఒకటి రెండుసార్లు అన్నావులే..."

"ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు భయంగా ఉంటోందని కూడా చెప్పాను. చేత్తో తిప్పితే ఊడే కడ్డీని మా ఆయనే పీకారు కాబట్టి సరిపోయింది. నిజంగా దొంగే పీకుంటే? హెడ్డుగారూ, కేసు రాస్తానంటున్నారు కదా, ఇది కూడా రాయండి. ఎవరి పేరు మీద రాయాలో మీరే చెప్పండి."

హెడ్డు పెన్ను గాల్లోనే ఆగింది. ఆయన చూపు మెల్లగా ఓనరమ్మ మీదికి మళ్ళింది. ఓనరమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది.

"అబ్బే, ఇంటి విషయం ఇక్కడెందుకమ్మా! పోనిద్దూ! సాయంత్రం మేస్త్రీని పిలిపిస్తాను. కిటికీకి మొత్తం కొత్తవే వేయిస్తాను. బాబూ, ఆయన్ని వదిలెయ్యండి. పాపం చదువు చెప్పే మనిషి!"

తాళం తెరుచుకుంది. "మనిషిని వదిలేస్తాంగానీ సామాను కదలదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చూడాల్సిందే," అన్నాడు హెడ్డు, తన కేసు చేజారిపోయిన దిగులుతో.

"మీరే ఉంచుకోండి. ఆ సంచీ నాకు మళ్ళీ కనిపించకపోతే చాలు," అని భార్య మొగుడి మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

ఆటోలో ఎక్కాక మాస్టారు గొణిగాడు. "వస్తువులు లేకుండా నేనెప్పుడూ చెప్పలేదే."

"తెలుసు."

"నోరు పెగలదేమో."

"బస్సులో బాగానే పెగిలిందిగా," అంది ఆమె రోడ్డు వైపు చూస్తూ. ఇటు తిరిగి, ఆయన చొక్కా కాలరు సరిచేసింది. "ఊచల వెనక మిమ్మల్ని చూడగానే నా ప్రాణం ఎంత కొట్టుకుందో తెలుసా మీకు? వెళ్ళి ఏదో ఒకటి చెప్పి రండి. రాకపోతే పోయింది. మీరు బయటున్నారు, నాకది చాలు."

కాలేజీలో కమిటీవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుతుండగా మాస్టారు లోపలికి పరిగెత్తాడు. బయట బెంచీ మీద నర్సు యూనిఫాంలో కూర్చున్న భార్యని అటెండరు ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, మీ పేషెంటు తప్పించుకుని లోపలికి పోయాడా?" అని గుసగుసగా అడిగాడు.

లోపల కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ రిటైరైన జడ్జి. జీవితంలో ఒక్కసారి కూడా నవ్వని మనిషిలా కనిపించింది. "ఆలస్యం. మీ పాఠం?"

మాస్టారు బల్ల ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చాక్‌పీసు తీస్తే విరిగింది. చివరికి నోటికి వచ్చింది ఒకటే.

"అమ్మా, ఈ రోజు పొద్దున్న నేను మా వంటింటి కిటికీ బార్ ఒకటి ఊడబీకానండీ."

కమిటీలో ఒకాయన పెన్ను కిందపడింది.

ఇక ఆగలేదు. సబ్బు, చాక్లెట్టు సంచిలో వేసుకోవటం చెప్పాడు. బార్ నుంచి తెచ్చిన సీసా బార్ మెంబరు కోటు మీద ఒలకటం చెప్పాడు. కోర్టు హాల్లో జడ్జికీ జనానికీ మధ్య ఉండే చెక్క కటకటానే మొదట బార్ అనేవారనీ, దాని దగ్గర నిలబడి వాదించేవాళ్ళకి ఆ పేరే వచ్చిందనీ, ముద్దాయి నిలబడేదీ దాని దగ్గరేననీ చెప్పాడు. "నేను నిలబడింది మాత్రం దానికంటే గట్టిదాని వెనకండీ. ఇనుపది," అన్నాడు. బస్సులో చేతులెత్తిన మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒక మెంబరు జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. కోటు కోసం కోర్టుకీ, కోర్టు కోసం కోటుకీ తిరిగిన బావమరిది దగ్గర రెండో మెంబరు బల్ల మీద వాలిపోయాడు.

"ఇంకొక అర్థం మిగిలింది," అంది అధ్యక్షురాలు. ముఖంలో మార్పు లేదు. "లా విద్యార్థికి అన్నిటికంటే ముఖ్యమైనది."

"అడ్డు, అమ్మా. గడువు దాటాక వేసిన దావాని ఎంత న్యాయమైనదైనా కోర్టు వినదు. దానికి కాలం అడ్డుపడింది అంటారు. అదీ బారే." మాస్టారు గడియారం వైపు చూశాడు. "నా పాఠానికి ఇందాక ఆ అడ్డు పడేదే. మీరు దయతలిచి మళ్ళీ కూర్చున్నారు."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అప్పుడు చూశాడు మాస్టారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. భుజాలు ఊగుతున్నాయి. శబ్దం రాకుండా నవ్వటం ఆవిడ జడ్జిగా బెంచి మీద కూర్చుని నేర్చుకున్న విద్య.

ఉద్యోగం ఆయనదేనని అక్కడే చెప్పేశారు. మాస్టారు అడక్కుండానే కుర్చీలో కూర్చుండిపోయాడు. బయటికొచ్చి చెప్పగానే భార్య ఏడ్చేసింది, వెంటనే నవ్వేసింది, తర్వాత ఆయన వీపు మీద ఒక్కటి గట్టిగా వేసింది. బావమరిది దగ్గర్నుంచి ఆమెకి ఫోనొచ్చింది. కోటు పోలీసుల దగ్గరుందని కోర్టుకి కబురు పంపి కేసు వాయిదా వేయించుకున్నాట్ట. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో మొదటిసారి నిజమైన కారణం చెప్పానని మురిసిపోయాడు.

"హమ్మయ్య! చూశారా, చెయ్యి ఖాళీగా ఉంటేనే పాఠం ఎంత బాగొచ్చిందో!" అంది భార్య. "ఇక జన్మలో సంచి ముట్టుకోనని చెప్పండి."

"ముట్టుకోనే, ఒట్టు," అన్నాడు మాస్టారు. ఈసారి మనస్ఫూర్తిగానే అన్నాడు.

అప్పుడే అధ్యక్షురాలు కారెక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగి పిలిచింది. "మాస్టారూ! మా పిల్లలకి కావలసింది సరిగ్గా మీ పద్ధతే. ప్రతి మాటకీ వస్తువులు తీసుకురండి. మీకు ఒక గది, పెద్ద బీరువా, సామాను మొయ్యడానికి ఒక మనిషిని ఇమ్మని ప్రిన్సిపాలుకి చెప్పాను."

భార్య నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. మాస్టారు కళ్ళు మాత్రం దీపాల్లా వెలిగాయి.

ఆయన చేరిన రోజు సాయంత్రమే కాలేజీవాళ్ళు ముందుజాగ్రత్తగా సిలబస్‌లోంచి 'ఫైర్' అనే మాట తీసేశారు.